ఆయిల్ మూత

మా మారుతి 800కి ఏ రోగమూ లేదు. ఉన్నదల్లా వయసే. 2004లో కొన్నాం, మీటరు 1,86,000 కిలోమీటర్లు దాటింది. ఆ మోడల్ తయారీని 2014లోనే ఆపేశారు, మేము మాత్రం నడపడం ఆపలేదు. పదిహేనేళ్లు నిండినప్పుడు ఒకసారి, మళ్లీ ఐదేళ్లకు మరోసారి, ఇది ఇంకా బండేనని రవాణా శాఖ చేత కాగితం రాయించుకుని విజయవాడ వీధుల్లో తిప్పుతున్నాం.

ఇంతకాలమూ దాని బాగోగులు మా వీధి చివర షెడ్డులో ఉండే మెకానిక్ భాయి చూసుకున్నారు. ఆయనది పాతకాలపు నాడి వైద్యం. బానెట్ ఎత్తరు. బండి స్టార్ట్ చేయమని పక్కన నిలబడి, తల ఒక వైపుకు వంచి కాసేపు వింటారు. "బాగుంది సార్, ముట్టుకోకండి" అంటారు. డబ్బులు కూడా తీసుకోరు. ఇలాంటి మనిషి మాట ఎలా నమ్మడం?

పైగా నేను రిటైరై రెండు నెలలైంది. ముప్పై ఏళ్లు ఫైళ్లు చూసిన కళ్లకు చూడటానికి ఏదో ఒకటి కావాలి కదా, ఫోనులో బండ్ల వీడియోలు చూడటం మొదలుపెట్టాను. చెడిపోయాక బాగుచేయడం అనాగరికమట, చెడకముందే బాగుచేయాలట. ఇంజిన్‌లో టైమింగ్ బెల్ట్ అనే రబ్బరు పట్టీ ఉంటుందనీ, అది ఒకనాడు చెప్పాపెట్టకుండా తెగుతుందనీ, తెగితే బండి ఉన్నచోటే కూలబడుతుందనీ తెలిసిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తెల్లవారగానే షెడ్డుకు పరిగెత్తాను. "మూడేళ్ల కిందటే మార్చాను సార్. మీరే డబ్బులిచ్చారు" అన్నారు భాయి.

అయినా వెనక్కి తగ్గలేదు. రెండు వందల పేజీల నోటు పుస్తకం కొని గళ్లు గీశాను. ఇంజిన్ ఆయిల్, ఆయిల్ ఫిల్టర్, ఎయిర్ ఫిల్టర్, మూడు స్పార్క్ ప్లగ్గులు, కూలెంట్, ఫ్యాన్ బెల్ట్. ప్రతి పనికీ ఎదురుగా తేదీ, కిలోమీటర్లు, సంతకం. సంతకం ఎవరికోసమని మా ఆవిడ అడిగింది. రికార్డు కోసమన్నాను. "ముందు మీ బీపీ మాత్ర వేసుకుని, దానికి కూడా ఒక గడి గీసుకోండి" అంది.

ఆదివారం పొద్దున్న ఇంజిన్‌ను ఐదు నిమిషాలు తిప్పి వేడి చేశాను. వేడెక్కితే ఆయిల్ పలచబడి మురికితో సహా దిగుతుంది. బండి కింద వెల్లకిలా పడుకుని, పదిహేడో నంబరు పానాతో అడుగున ఉన్న బోల్టు విప్పాను. అది చేతికి రాకుండా తిన్నగా తొట్టిలో పడింది. వెనకే కాటుకలాంటి ఆయిల్. వేడి చేయమన్నవాడు ఆ వేడి నా మణికట్టు మీదుగా దిగుతుందని చెప్పలేదు. ఫిల్టర్ చేతితో తిరగలేదు. గరుకు కాగితం చుట్టి బలమంతా పెడితే ఒక్కసారిగా వదిలి, అందులోని ఆయిల్ నా మోచేయి దాకా వచ్చి, అక్కడినుంచి వాకిట్లోని ముగ్గు మీదికి చేరింది. పదకొండు చుక్కల ముగ్గు అది. చుక్కలు మాత్రం మిగిలాయి.

పాత ఆయిల్ ఏం చేయాలో వీడియోల్లో చూడలేదు. చూడనవసరం లేకపోయింది. మన ఊళ్లలో బండి ఆయిల్ దించారంటే ఆ కబురు వాసన కంటే ముందే వెళుతుంది. కొయ్య గుమ్మాలకు చెదలు పట్టకుండా పూయాలని ఒకరు, గేటు కీళ్లు కిర్రుమంటున్నాయని మరొకరు. పక్కింటాయన అయితే ఖాళీ ఆవకాయ సీసాతో వచ్చి తొట్టి పక్కనే కుర్చీ వేసుకున్నారు.

బోల్టు బిగించాను, కొత్త ఫిల్టర్ పెట్టాను. మూడు లీటర్ల డబ్బాలోంచి కొంచెం కొంచెంగా పోస్తూ, గేజి పుల్ల తీసి తుడిచి చూస్తూ, ఆయిల్ రెండు గీతల మధ్యకు వచ్చాక ఆపాను. ఎక్కువైనా ఇంజిన్‌కు చేటే. ఇక ఇంజిన్ నెత్తిన మూత పెట్టాలి. సరిగ్గా అప్పుడే పక్కింటాయన "నా సీసా నింపుతారా?" అన్నారు. సీసా నింపాను, చేతులు కడుక్కున్నాను, బానెట్ దించాను, నోటు పుస్తకంలో అన్ని గళ్లలోనూ టిక్కులు పెట్టి సంతకం చేసి బండికి గుడ్డ కప్పాను. నాలుగు రోజులు దాన్ని కదపలేదు. అప్పుడప్పుడు వెళ్లి గుడ్డ మీదే నిమిరి వచ్చేవాణ్ణి.

శుక్రవారం బందరులో పెళ్లి. తెల్లవారకముందే బయలుదేరాం. ముందు సీట్లో మా మామగారు, ఎనభై నాలుగేళ్లు. వెనక మా ఆవిడ, చదివింపుల సంచి. ఇంజిన్ ఎంత మెత్తగా నడుస్తోందో దారి పొడుగునా వివరించాను. మామగారు మాత్రం ఎదురుగా అద్దం వైపే చూస్తూ "ఊ" కొడుతున్నారు.

కంకిపాడు దగ్గరికి వచ్చేసరికి పకోడీల వాసన వేసింది. "ఎక్కడో పకోడీలు వేస్తున్నారు" అన్నాను. "పాత నూనెలో వేస్తున్నారు" అంది మా ఆవిడ. మరో కిలోమీటరు పోయాక ఆ పకోడీల పొగ మా బానెట్ అంచుల నుంచే రావడం మొదలైంది.

పక్కకు ఆపి బానెట్ ఎత్తాను. లోపల అంతా పోపు పెట్టినట్టుంది. మూత లేని రంధ్రంలోంచి ఇంజిన్ తిరిగినంతసేపూ ఆయిల్ చిమ్మింది. బ్యాటరీ మీద, కొత్త ఎయిర్ ఫిల్టర్ డబ్బా మీద, బానెట్ లోపలి వైపు కూడా. కొంత వేడిగా ఉన్న పొగ గొట్టం మీద పడి చిటపటలాడుతోంది. గేజి పుల్ల తీస్తే కింది గీత దగ్గర కూడా తడి లేదు.

భాయికి ఫోను చేశాను. శబ్దం ఎలా ఉందో వినిపించమన్నారు. ఇంజిన్ ఆపేశానన్నాను. "మంచి పని చేశారు. మూత పెట్టారా సార్?" అన్నారు.

"పెట్టాను. పుస్తకంలో టిక్కు కూడా ఉంది."

"పుస్తకం మూసుకునే ఉంటుంది సార్. ఇంజిన్ సంగతి అడుగుతున్నాను."

బ్యాటరీ చుట్టూ చూశాం, బండి కింద చూశాం. మా ఆవిడ చదివింపుల సంచి కూడా విప్పి చూసింది, నా మీద ఆమెకున్న నమ్మకం అలాంటిది. అంతలో మామగారు నెమ్మదిగా దిగివచ్చారు.

"అల్లుడుగారూ, మీరు వెతికేది నల్లగా, గుండ్రంగా ఉంటుందా?"

"అవునండీ!"

ఆయన చేయి చాపి తన ఎదుటి అద్దం అడుగున, వైపరు చేతి కింద ఇరుక్కుని ఉన్న మూతను చూపించారు. ఎక్కడా పోకూడదని ఆదివారం నేనే భద్రంగా పెట్టిన చోటు అది.

"విజయవాడ నుంచీ చూస్తూనే ఉన్నాను. దిష్టికి పెట్టారేమో అనుకున్నాను" అన్నారు.

దగ్గర్లోని కొట్టులో ఆయిల్ డబ్బా కొని పోసి, మూత బిగించి బందరు చేరేసరికి తలంబ్రాలు అయిపోయాయి. భోజనాల దగ్గర నా పక్క విస్తరి చివరిదాకా ఖాళీగానే ఉంది. చొక్కా వాసన అలాంటిది.

సాయంత్రం ఇల్లు చేరాం. బండి దిగుతుంటే పక్కింటాయన గోడ మీదుగా తొంగి చూశారు. చేతిలో ఆవకాయ సీసా.

"మళ్లీ ఎప్పుడండీ? వెనక గేటు మిగిలిపోయింది."