యాప్ చేసేముందు అది ఎవరి ఫోన్‌లోకి వెళ్తుందో చూడాలి

2015 మేలో మింత్రా తన వెబ్‌సైట్ మూసేసి, బట్టలు కొనాలంటే యాప్ వేసుకోవాల్సిందేనంది. ఎక్కువమంది ఎలాగూ ఫోన్ నుంచే వస్తున్నారన్నది వాళ్ల లెక్క. పెద్ద తెర మీద చూసి కొనే అలవాటున్నవాళ్లు, ఫోన్‌లో జాగా లేనివాళ్లు ఆ లెక్కలోకి రాలేదు. ఏడాది తిరిగేసరికి, 2016 ఫిబ్రవరిలో మొబైల్ సైట్‌ను, జూన్‌లో డెస్క్‌టాప్ సైట్‌ను మళ్లీ తెరవాల్సి వచ్చింది.

మన ప్రభుత్వ శాఖల్లో చాలావాటికి ఈ పాఠం ఇంకా ఎక్కలేదు. పథకానికో యాప్, పన్నుకో యాప్, ఫిర్యాదుకో యాప్. ఏడాదికోసారి పడే పని కోసం జనం యాప్ వేసుకుని, పాస్‌వర్డ్ గుర్తుపెట్టుకోవాలంటే ఎలా? ఆ దృష్టితో చూస్తే, 2025 జనవరిలో ఆంధ్రప్రదేశ్ 161 సేవలతో వాట్సాప్‌లో తెచ్చిన ‘మన మిత్ర’ సరైన దారిలో వేసిన అడుగు. కొత్తగా వేసుకోవాల్సింది లేదు, మెసేజ్ పంపడం అందరికీ వచ్చిందే. కరెంటు బిల్లు లాంటి చిన్న పనులకు చాట్ బాగా సరిపోతుంది. పది కాగితాలు జతచేయాల్సిన దరఖాస్తుకు మాత్రం వెబ్ పేజీయే మేలు. ఇచ్చిన వివరాలన్నీ ఒకచోట కనిపించాలి, తప్పు పడితే దిద్దుకునే వీలుండాలి.

వేదిక సరిపోకపోతే ఎంత నష్టమో 2021 మేలో కోవిడ్ టీకాల సైట్ కోవిన్ చూపించింది. 18 నుంచి 44 ఏళ్లవాళ్లు టీకాకు ముందుగా ఆన్‌లైన్‌లో బుక్ చేసుకోవాల్సిందే. సైట్ ఇంగ్లీషులో మాత్రమే ఉంది. స్లాట్లు నిమిషాల్లో అయిపోయేవి. స్లాట్ తెరుచుకోగానే చెప్పే టెలిగ్రామ్ అలర్టులు పెట్టుకుని, ఓటీపీ చకచకా కొట్టగలిగినవాళ్లకు అవకాశం దొరికింది. తెలుగు జూన్‌లో వచ్చింది, నేరుగా కేంద్రానికి వెళ్లే వెసులుబాటూ తర్వాతే వచ్చింది. ప్రాణం మీదికి వచ్చిన వేళ కంప్యూటర్ తెలిసినవాళ్లు ముందు, తెలియనివాళ్లు వెనక అయిపోవడం నన్ను ఇప్పటికీ బాధిస్తుంది.

పెద్ద నిర్ణయాలే కాదు, ఫారంలోని ఒక్క గడి కూడా మనిషిని ఆపేయగలదు. పేరు సంగతే చూడండి. మనం ఇంటిపేరు ముందు రాసుకుంటాం, చాలాసార్లు ఒక్క పొడి అక్షరంగానే. ఫారంలో మాత్రం ఫస్ట్ నేమ్, లాస్ట్ నేమ్ అని రెండు గడులు. ఒకచోట ఇంటిపేరు పూర్తిగా, ఇంకోచోట పొడి అక్షరం, మరోచోట తలకిందులు. కొన్నాళ్లకు బ్యాంకులో ‘పేర్లు సరిపోలడం లేదు’ అంటారు, ఇక తిరుగుడు మొదలు. ‘ఆధార్‌లో ఉన్నట్టే పూర్తి పేరు’ అని ఒకే గడి పెడితే ఈ చిక్కులో సగం ఉండదు.

తెలుగులోకి మార్చిన యాప్‌లలో ఇంకో లోపం కనిపిస్తుంది. వరుసల మధ్య ఎడం ఇంగ్లీషు అక్షరాలకు తగ్గట్టు పెట్టేస్తారు. ‘రాష్ట్రం’ కింద వత్తులు తెగిపోతాయి, బటన్ మీది మాట సగంలో మూడు చుక్కలవుతుంది. ఎడం కాస్త పెంచి, మాట రెండో వరుసలోకి దిగేలా చేస్తే చాలు. తెలుగులో ఒక్కసారి తెరిచి చూసినా దొరికే తప్పు ఇది.

ఆండ్రాయిడ్‌కు, ఐఫోన్‌కు వేర్వేరు పద్ధతులున్నాయి, వాటినీ గౌరవించాలి. ఐఫోన్‌లో ఓటీపీ కీబోర్డు పైనే కనిపిస్తుంది. ఆండ్రాయిడ్‌లో యాప్ తనకొచ్చిన ఓటీపీని మాత్రమే చదువుకునే ఏర్పాటు ఉంది. అయినా మెసేజ్‌లన్నీ చదివే అనుమతి అడిగే యాప్‌లు ఉన్నాయి. అది అనవసరం, ప్రమాదం కూడా. సగం నింపాక వెనక్కి వెళ్తే ఫారం ఖాళీ అయిపోవడం కూడా అలాంటి నిర్లక్ష్యమే.

అసలు తెరే అక్కర్లేని చోట్లున్నాయని సౌండ్‌బాక్స్ నిరూపించింది. టీ కొట్టులో రద్దీ వేళ రెండు చేతులూ పనిలో ఉన్న మనిషి ఫోన్ తీసి చూడలేడు. డబ్బు పడిందని పెట్టె తెలుగులో చెబుతుంది, పని ఆగదు. ఆ మనిషి ఎక్కడ నిలబడి ఉంటాడో చూసి చేసిన వస్తువది.

ప్రభుత్వ టెండర్లలో ఒక షరతు చేర్చాలి. బిల్లు చెల్లించేముందు యాప్‌ను తక్కువ ధర ఫోన్‌లో, తెలుగులో పెట్టి, గ్రామ సచివాలయానికి పని మీద వచ్చిన ఐదుగురి చేతికివ్వాలి. యాప్ చేసినవాళ్లు పక్కన నిలబడి, నోరు మెదపకుండా, వాళ్లు ఎక్కడ ఆగిపోతున్నారో రాసుకోవాలి. అవన్నీ సరిచేశాకే డబ్బు విడుదల చేయాలి.