సేల్స్ ఇంటర్వ్యూ ముగింపు: అభ్యర్థి బయటికి వచ్చాక గదిలో ఏం మిగలాలి?

సేల్స్ ఉద్యోగానికి ఇంటర్వ్యూకు వెళ్లేవారికి తరచూ వినిపించే సలహా ఒకటుంది. ఇంటర్వ్యూ కూడా ఒక అమ్మకమే కాబట్టి, డీల్ క్లోజ్ చేసినట్టుగా, అంటే బేరం అక్కడికక్కడే ఖాయం చేసుకున్నట్టుగా, దాన్ని కూడా క్లోజ్ చేసి బయటికి రావాలంటారు. ఈ మాట నమ్మిన అభ్యర్థి చివరి నిమిషంలో కుర్చీలో కాస్త ముందుకు జరిగి, ‘నన్ను ఈ రోజే తీసుకోవడానికి మీకు అడ్డొస్తున్నదేమిటి?’ అని అడుగుతారు. ఎదురుగా ఉన్నది ఒక్కరే అయి, ఆ ఒక్కరూ సేల్స్ మేనేజరే అయితే ఈ ప్రశ్న ఒక్కోసారి పనిచేస్తుంది. నలుగురైదుగురు కూర్చున్న ప్యానెల్ ముందు మాత్రం చాలాసార్లు బెడిసికొడుతుంది.

ఎందుకు బెడిసికొడుతుందో అమ్మకాల మీద జరిగిన పరిశోధనే చెప్పింది. నీల్ రాకమ్ బృందం సుమారు 12 ఏళ్లపాటు 35,000 సేల్స్ కాల్స్‌ను, అంటే కస్టమర్లతో జరిగిన అమ్మకపు భేటీలను, పరిశీలించి, ఆ ఫలితాలను 1988లో పుస్తకంగా వెలువరించింది. చిన్న మొత్తాల అమ్మకాల్లో ఒత్తిడి తెచ్చే క్లోజింగ్ ఎత్తుగడలు కొంత ఫలించినా, కొనుగోలు విలువ పెరిగేకొద్దీ అవే ఎత్తుగడలు బేరాన్ని చెడగొడతాయన్నది అందులోని ముఖ్యమైన నిర్ధారణ. పెద్ద కొనుగోళ్లలో నిర్ణయం ఒక్కరి చేతిలో ఉండదు, ఒక్క సమావేశంలో తేలదు. అసలు చర్చ జరిగేటప్పుడు అమ్మేవాడు అక్కడ ఉండడు. ఒక సేల్స్ ఉద్యోగిని నియమించుకోవడం కూడా ఇలాంటి పెద్ద కొనుగోలే. జీతంతో పాటు ఒక ప్రాంతపు టార్గెట్‌ను, కొందరు పాత కస్టమర్ల నమ్మకాన్ని కూడా సంస్థ ఆ మనిషి చేతిలో పెడుతుంది.

కాబట్టి అభ్యర్థి తలుపు మూసుకుని వెళ్లిన తర్వాత ఆ గదిలో జరిగే పది నిమిషాల సంభాషణే అసలు విషయం. ముగింపు బలంగా ఉందా లేదా అన్నదానికి కొలత ఒక్కటే: ఆ సంభాషణలో అభ్యర్థి తరఫున మాట్లాడదలచినవారికి, మాట్లాడటానికి ఏమైనా మిగిలిందా?

ఇలాంటి చర్చలు ఎలా సాగుతాయన్నదానిపై మనస్తత్వ శాస్త్రవేత్తలు గారొల్డ్ స్టాసర్, విలియం టైటస్ 1985లో ప్రచురించిన ప్రయోగం ఇక్కడ నేరుగా పనికొస్తుంది. విద్యార్థి సంఘ అధ్యక్ష పదవికి కల్పిత అభ్యర్థుల వివరాలను వారు నలుగురేసి సభ్యుల బృందాలకు ఇచ్చారు. కొన్ని వివరాలు అందరికీ తెలుసు, కొన్ని ఒక్కొక్కరికే తెలుసు. చర్చ అందరికీ ముందే తెలిసిన వివరాల చుట్టూనే తిరిగింది. ఒక్కరికే తెలిసిన సంగతులు చాలావరకు బయటికే రాకపోవడంతో, నిజానికి మెరుగైన అభ్యర్థిని బృందాలు తరచూ వదులుకున్నాయి.

ప్యానెల్‌లో అందరూ అవే జవాబులు వింటారు కదా అన్న అనుమానం రావచ్చు. ఒక్కసారి ప్యానెల్‌ను గమనించండి. మీరు జవాబు చెబుతున్నప్పుడు ఒకరు నోట్స్ రాసుకుంటుంటారు, ఒకరు తాను అడగబోయే తర్వాతి ప్రశ్న కోసం రెజ్యూమేలో వెతుకుతుంటారు, ఇంకొకరు బల్ల కింద ఫోన్ చూసుకుంటుంటారు. ఫైనాన్స్ అధికారి అడిగిన ప్రశ్నకు మీరిచ్చిన మంచి జవాబు ఆ అధికారికి మాత్రమే చేరి ఉండవచ్చు. అందరూ తలెత్తి వినే సమయం చివరి నిమిషమే. ఒక్కరికి నచ్చిన సంగతిని నలుగురికీ తెలిసిన సంగతిగా మార్చుకునే అవకాశం అప్పుడే దొరుకుతుంది. ఆ నిమిషాన్ని ‘నేను కష్టపడి పనిచేస్తాను, టీమ్‌తో కలిసిపోతాను’ వంటి మాటలతో వృథా చేసుకునేవారే ఎక్కువ. ఈ మాటలు ప్రతి అభ్యర్థీ అంటారు కాబట్టి వాటిని గుర్తుపెట్టుకోవలసిన అవసరం ఎవరికీ ఉండదు.

ఇందుకు భిన్నమైన ముగింపు ఎలా ఉంటుందో ఒక నమూనా చూద్దాం. ప్యానెల్‌లో సేల్స్ హెడ్, ఫైనాన్స్ అధికారి, ప్రోడక్ట్ హెడ్, హెచ్‌ఆర్ ప్రతినిధి ఉన్నారనుకుందాం. ‘ఇంకేమైనా చెప్పదలచుకున్నారా?’ అని అడిగినప్పుడు అభ్యర్థి ఇలా అనవచ్చు: ‘డిస్కౌంట్ల గురించి ఫైనాన్స్ మేడమ్ అడిగారు. కిందటేడు నేను తెచ్చిన పెద్ద కాంట్రాక్టులో ధర తగ్గించలేదు, చెల్లింపు గడువులు మార్చి ఒప్పించాను. ప్రోడక్ట్ హెడ్ సర్ అడిగిన సాంకేతిక ప్రశ్నల్లో నాకు తెలియనిచోట తెలియదనే చెప్పాను. కస్టమర్ దగ్గర కూడా అలాగే చెప్పి, మరుసటి మీటింగుకు ఇంజినీరును వెంటబెట్టుకుని వెళ్తాను. ఏడాది పొడవునా సాగే అమ్మకాల అనుభవం నాకు లేదు, నేను చేసినవన్నీ మూడు నెలల్లో తేలిపోయినవే. అందుకే మొదటి త్రైమాసికంలో మీ సీనియర్లలో ఒకరితో కలిసి రెండు పెద్ద కస్టమర్ అకౌంట్ల మీద పనిచేయాలనుకుంటున్నాను. ఈ ఉద్యోగం నాకు కావాలి.’

ఇదంతా చెప్పడానికి నిమిషం కూడా పట్టదు. ఇందులో తనను తాను పొగుడుకునే విశేషణం ఒక్కటీ లేదు. ధర తగ్గించలేదన్న మాటను ఫైనాన్స్ అధికారి తర్వాత ఉన్నదున్నట్టు ఎత్తిచెప్పగలరు. తెలియనిది తెలియదన్నాడన్న మాట ప్రోడక్ట్ హెడ్‌కు గుర్తుంటుంది, ఎందుకంటే లేని ఫీచర్లను ఉన్నాయని అమ్మేసి వచ్చే సేల్స్‌వారితో ఆ విభాగం పడే అవస్థ అంతా ఇంతా కాదు. చివరి వాక్యాన్ని చాలామంది మొహమాటపడి మింగేస్తారు. ఉద్యోగం కావాలని ఒక్కసారి స్పష్టంగా చెప్పడం ఒత్తిడి కాదు, ఆ తర్వాత మౌనంగా ఉండగలిగితే.

లోపాన్ని తామే ఎందుకు బయటపెట్టుకోవాలని కొందరు అడుగుతారు. రెజ్యూమే చదివిన ప్రతివారికీ ఆ లోపం ముందే కనిపించి ఉంటుంది. అభ్యర్థి వెళ్లాక ఎవరో ఒకరు దాన్ని ఎత్తక మానరు. అప్పుడు దానికి జవాబు గదిలో ఉండాలంటే అభ్యర్థే ముందుగా ఇచ్చి ఉండాలి. ‘నా మీద మీకు సందేహాలేమైనా ఉన్నాయా?’ అని ప్యానెల్‌ను అడగడం మాత్రం వేరే సంగతి. మనస్తత్వ శాస్త్రవేత్తలు మోర్టన్ డాయిచ్, హెరాల్డ్ జెరార్డ్ 1955లో ప్రచురించిన ప్రయోగంలో, తమ అంచనాను ముందే రాసిపెట్టి దానికి కట్టుబడినవారు తర్వాత ఇతరుల మాటకు తక్కువగా లొంగారు. నలుగురిలో పైకి అన్న సందేహం కూడా అలాగే గట్టిపడుతుందని నా అభిప్రాయం. లోలోపల సగం మాసిపోయిన అనుమానాన్ని సహోద్యోగుల ఎదుట పలికించాక, దాన్ని వెనక్కి తీసుకోవడం ఆ మనిషికి కష్టమవుతుంది. అడగాలనిపిస్తే, ‘నేను చెప్పినవాటిలో ఏదైనా ఇంకాస్త వివరించాలా?’ అని అడగడం మేలు. అది తీర్పు అడగదు, వివరణకు చోటిస్తుంది.

అభ్యర్థి ప్యానెల్‌కు వేసే ప్రశ్నల విషయంలో సేల్స్‌వారికి ఇతరులకు లేని వెసులుబాటు ఉంది. కిందటేడు టీమ్‌లో ఎంతమంది టార్గెట్ అందుకున్నారు, లీడ్స్ (కొనే అవకాశమున్నవారి వివరాలు) మార్కెటింగ్ విభాగం ఇస్తుందా లేక తామే వెతుక్కోవాలా, ఇన్సెంటివ్‌ను బుకింగ్ (కుదిరిన ఆర్డరు విలువ) మీద లెక్కిస్తారా లేక వసూలైన సొమ్ము మీదా అన్నవి పని తెలిసినవారు అడిగే ప్రశ్నలు. వీటికి వచ్చే జవాబు అభ్యర్థికీ అవసరమే. టీమ్‌లో ఎవరూ అందుకోలేని టార్గెట్ ఉన్నచోట ఇంటర్వ్యూ ఎంత గొప్పగా ముగించినా ప్రయోజనం లేదు. సంస్థ సంస్కృతి ఎలా ఉంటుందన్న ప్రశ్నకు అందరూ ఒకే జవాబు చెబుతారు కాబట్టి దాన్ని వదిలేయవచ్చు. అప్పటిదాకా పెద్దగా మాట్లాడని సభ్యుడిని వెతికి, ‘సేల్స్‌వాళ్లు చేసే ఏ పని వల్ల మీ విభాగానికి ఎక్కువ ఇబ్బంది?’ అని అడిగి చూడండి. ఆయన ముఖం విచ్చుకునే అవకాశం చాలా ఎక్కువ.

ఈ ముగింపుకు ఉన్న హద్దు కూడా చెప్పాలి. కొన్ని సంస్థల్లో ప్రతి ప్రశ్నకూ అప్పటికప్పుడే మార్కులు వేసే పత్రం ఉంటుంది. అక్కడ మధ్యలో పోయిన మార్కులను చివరి నిమిషం తిరిగి తేలేదు, దగ్గరదగ్గరగా ఉన్న ఇద్దరిలో ఒకరి వైపు మొగ్గు చూపించడం వరకే అది చేయగలదు. రోజంతా ఇంటర్వ్యూలు చేసి అలసిన ప్యానెల్ అధ్యక్షుడు గడియారం వైపు చూస్తున్నప్పుడు, సిద్ధం చేసుకున్నదాన్ని రెండు వాక్యాలకు కుదించుకోవడం కూడా సేల్స్ నైపుణ్యమే. ఎదుటివారి ఓపిక గమనించనివారు కస్టమర్ దగ్గర మాత్రం గమనిస్తారని ఎవరు నమ్ముతారు?

లేచేముందు తెలుసుకోవలసినవి రెండు: నిర్ణయం ఏ తేదీకల్లా తెలుస్తుంది, ఎవరు తెలియజేస్తారు. ఫాలో-అప్ తన వృత్తి అని చెప్పుకునే అభ్యర్థి ఈ రెండూ అడగకుండా బయటికి వస్తే ప్యానెల్ అది గమనిస్తుంది. అదే రోజు పంపే కృతజ్ఞతల మెయిల్ సభ్యులందరికీ ఒకేలా ఉండకూడదు, ఎందుకంటే వారు వాటిని ఒకరికొకరు చూపించుకునే అవకాశం ఉంది. ఎవరు ఏం అడిగారో ఆ ఒక్క విషయం మీద మూడు నాలుగు వాక్యాలు చాలు. చెప్పిన తేదీ దాటితే, తెలియజేస్తామన్న వ్యక్తికి మాత్రమే, ఒక్కసారి గుర్తుచేయాలి. ఇంటర్వ్యూలో పంపుతానని మాటిచ్చిన పత్రం ఏదైనా ఉంటే మాత్రం, ఆ గుర్తుచేయడానికి ముందే అది వారికి చేరి ఉండాలి.