ఆ టవర్ వయసు ఏళ్లలో కాదు, సైకిళ్లలో చూడాలి

2021 మే 10 రాత్రి తిరుపతి రుయా ఆస్పత్రిలో ఆక్సిజన్ ప్రెషర్ పడిపోయి, అధికారిక లెక్క ప్రకారమే 11 మంది చనిపోయారు. ఆ తర్వాత దేశమంతా ఏం జరిగిందో అందరికీ గుర్తే. ఒక్క పీఎం కేర్స్ నిధులతోనే 1,200కు పైగా పీఎస్ఏ ఆక్సిజన్ ప్లాంట్లు, అంటే గాలి నుంచే ఆక్సిజన్‌ను వేరుచేసే ప్లాంట్లు, ఆస్పత్రుల ఆవరణల్లో వెలిశాయి. అవి కావాల్సినవే. నా టెన్షన్ వాటిలో పక్కపక్కనే నిలబడే రెండు ఉక్కు టవర్ల గురించి.

నడుస్తున్న ప్లాంటు పక్కన కాసేపు నిలబడితే విషయం చెవికే తెలుస్తుంది. ఒక టవర్‌లోకి కంప్రెసర్ గాలి ఎక్కుతుంది. లోపలి జియోలైట్ గుళికలు నైట్రోజన్‌ను పట్టుకుని ఆక్సిజన్‌ను వదిలేస్తాయి. కాసేపటికే బుస్సుమని ఆ ప్రెషర్ దిగిపోతుంది, గాలి రెండో టవర్‌కు మళ్లుతుంది. నిండినప్పుడల్లా ఉక్కు వెంట్రుకవాసి సాగుతుంది, దిగినప్పుడల్లా ముడుచుకుంటుంది. ఇలా ఒకసారి నిండి దిగడమే ఒక సైకిల్. రెండు నిమిషాలకో సైకిల్ అనుకున్నా రోజుకు 720. రోజుకు రెండుసార్లు గ్యాస్ కొట్టించుకునే సీఎన్‌జీ ఆటో సిలిండర్‌కు ఏడాది మొత్తానికీ 730. అంటే ఆటో సిలిండర్ ఏడాదిలో పడే శ్రమ, సైకిళ్ల లెక్కన ఈ టవర్ ఒక్క రోజులో పడుతుంది. నిరాటంకంగా నడిస్తే ఏడాదికి 2,62,800, పదేళ్లకు 26 లక్షలు.

ఆ ఆటో సిలిండర్‌కు మూడేళ్లకోసారి హైడ్రో టెస్ట్ (నీళ్లు నింపి ప్రెషర్ పెట్టి చూసే పరీక్ష) చేయించాలని రూల్ ఉంది. మంచిదే. కానీ మెటల్ ఫెటీగ్, అంటే లోహం అలసిపోవడం, తేదీలు చూసి రాదు. రైలు ఇరుసులు ఎందుకు విరుగుతున్నాయో 19వ శతాబ్దంలోనే జర్మన్ ఇంజినీరు ఆగస్ట్ వోలర్ పరీక్షలు చేసి చూపించాడు: ఒక్కసారి మోస్తే ఏమీ కాని బరువే లక్షలసార్లు మోస్తే ఇరుసును విరిచేస్తుంది. అంత పాత సంగతిని మన తనిఖీ పద్ధతులు ఇంకా పూర్తిగా ఒంటబట్టించుకోలేదు.

అసలు సమస్య వెల్డింగ్ దగ్గర ఉంది. హైదరాబాద్ బాలానగర్‌లోనో జీడిమెట్లలోనో ఏ ఫ్యాబ్రికేషన్ షెడ్డుకైనా వెళ్లి చూడండి. టవర్ చేయడానికి ఉక్కు ప్లేటును రోలింగ్ మెషిన్‌లో వేసి గుండ్రంగా వంచుతారు. ప్లేటు రెండు చివరలూ రోలర్లకు సరిగా చిక్కవు, అంచుల దగ్గర కాస్త మేర చదునుగానే మిగిలిపోతుంది. పని తెలిసిన మేస్త్రీ ఆ అంచులను ముందే వంచుకుని మొదలుపెడతాడు. డెలివరీ తొందరలో ఆ పని వదిలేసి, రెండు చదును అంచులనూ కలిపి లాంగ్ సీమ్ (టవర్ పొడవునా సాగే వెల్డింగ్) కొట్టేస్తే, టవర్ గోడ అక్కడ ఇంటి కొప్పులా కొద్దిగా పొడుచుకొస్తుంది. పెయింట్ పడ్డాక కంటికి ఆనదు. గుండ్రంగా కోసిన రేకు టెంప్లేట్‌ను దాని మీద ఆనిస్తే మాత్రం అటూ ఇటూ ఊగుతుంది.

8 మిల్లీమీటర్ల ప్లేటులో ఆ కొప్పు ఎత్తు 3 మిల్లీమీటర్లే ఉన్నా, అక్కడి స్ట్రెస్, అంటే ఉక్కు మీద పడే ఒత్తిడి, రెట్టింపు కావచ్చు. ప్రెషర్ ఎక్కినప్పుడల్లా ఆ కొప్పు సాపు కావాలని చూస్తుంది, సీమ్ లోపలి అంచు లాగుడుకు గురవుతుంది. వెల్డింగ్ జాయింట్లలో పగులు పెరిగే వేగం స్ట్రెస్‌కు దాదాపు మూడో ఘాతం లెక్కన పోతుంది. స్ట్రెస్ రెట్టింపైతే వేగం ఎనిమిది రెట్లు. డిజైనర్ కాగితం మీద పాతికేళ్లని రాసిన టవర్‌కు మూడేళ్లే మిగులుతాయి. ఖరీదైన గట్టి ఉక్కు వాడినా వెల్డింగ్ దగ్గర పెద్దగా లాభం ఉండదు. పైగా పగులు మొదలయ్యేది లోపలి వైపు, జియోలైట్ గుళికల మాటున. బయట నుంచి టార్చి వేసి చూస్తే ఏం కనపడుతుంది?

డిజైన్‌లోనే చాలా మార్జిన్ పెడతారు కదా అని ఇంజినీర్లు అంటారు. నిజమే, అమెరికా మెకానికల్ ఇంజినీర్ల సంఘం ఏఎస్ఎంఈ కోడ్‌లోని ఫెటీగ్ కర్వులను (ఎంత స్ట్రెస్‌కు ఎన్ని సైకిళ్లు తట్టుకుంటుందో చెప్పే గీతలను) పరీక్షల్లో వచ్చిన సైకిళ్లను 20తో భాగించో, స్ట్రెస్‌లో రెండింతల మార్జిన్ వదిలో గీశారు. కానీ ఆ 20లో ఎక్కువ భాగం ల్యాబ్ నమూనాకూ అసలు టవర్‌కూ ఉండే తేడాలకే ఖర్చయిపోతుంది. అది షెడ్డులో జరిగిన తప్పును కాయడానికి దాచిన సొమ్ము కాదు. ఇక చాలా ప్లాంట్లు మూలన పడే ఉన్నాయి, సైకిళ్లెక్కడివి అనే వాళ్లకు ఒక్కటే చెబుతాను. నేను సైకిళ్లు లెక్కపెట్టమనేది అందుకే. తక్కువ తిరిగిన మంచి టవర్‌ను పాతదైందని పారేయక్కర్లేదు. తేమ చేరి తుప్పు పట్టిన గుంటల నుంచి పగులు ఇంకా త్వరగా మొదలవుతుంది కాబట్టి, మూలన పడ్డదాన్ని కళ్లు మూసుకుని నడపనూ కూడదు.

దీనికి కోట్లేమీ అక్కర్లేదు. వాల్వులను తిప్పే కంట్రోలర్‌తోనే ప్రతి సైకిల్‌నూ లెక్కపెట్టించవచ్చు, ఆ అంకెను నెలకోసారి రాసిపెట్టే మనిషి కావాలి. డిజైన్ సైకిళ్లలో, అంటే టవర్ తట్టుకుంటుందని డిజైనర్ లెక్కగట్టిన సైకిళ్లలో, సగం దాటగానే లాంగ్ సీమ్‌కు అల్ట్రాసోనిక్ టెస్ట్ (ధ్వని తరంగాలతో లోపలి పగుళ్లు పట్టే పరీక్ష) చేయించాలి. దాన్ని బయటి నుంచే చేయవచ్చు, గుళికలు దించక్కర్లేదు.

ఆ రాసిపెట్టే మనిషే మనకు కరువు. చెరువు గట్టయినా, లిఫ్ట్ ఇరిగేషన్ మోటారైనా, ఆస్పత్రి జనరేటరైనా మన దగ్గర ఒకటే తీరు: రిబ్బన్ కత్తిరించిన రోజు అందరికీ గుర్తుంటుంది, చివరిసారి విప్పి చూసిన రోజు ఎవరికీ గుర్తుండదు. కట్టడానికి బడ్జెట్ దొరుకుతుంది. కాపాడుకోవడానికి ఒక టెక్నీషియన్ పోస్టు అడిగితే ఫైలు తిరుగుతూనే ఉంటుంది. ప్లాంటు షెడ్డు గోడకు ప్రారంభోత్సవం ఫలకం ఉంటుంది. టవర్‌కు అంటించిన చిన్న నేమ్‌ప్లేటు మీద సాధారణంగా డిజైన్ ప్రెషర్, టెంపరేచర్, హైడ్రో టెస్ట్ ప్రెషర్, తయారైన ఏడాది ఉంటాయి. అందులో డిజైన్ సైకిళ్ల అంకె ఉందా? లేకపోతే తయారీదారును అడిగి తెప్పించి, దాని పక్కనే ఇవాళ్టి వరకూ తిరిగిన సైకిళ్లు రాయించాలి. జిల్లా ఆస్పత్రి సూపరింటెండెంట్లు ఆ పని ఈ వారమే మొదలుపెట్టవచ్చు.