బిల్డ్ సక్సెస్, స్పెక్ ఫైల్ గల్లంతు

మధ్యాహ్నం డెమో పెట్టుకుని పొద్దున చెప్పారు, ఆర్‌పీఎం ప్యాకేజీ (లినక్స్‌లో సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ చేసుకునే మూట) ఒకటి చేసి రెడీగా ఉంచమని. ఆ మూట ఎలా కట్టాలో చెప్పే స్పెక్ ఫైల్ రాశాను, బిల్డ్ అవ్వలేదు. సవరించాను, మళ్లీ అవ్వలేదు. ఇన్‌స్టాల్ అయిన ఫైళ్లు ప్యాకేజీ లిస్టులో లేవని ఒకసారి, లిస్టులో రాసిన ఫైళ్లు డిస్కు మీద లేవని ఇంకోసారి. ఆ గోలంతా వదిలేయండి, ప్యాకేజీలు చేసేవాళ్లందరికీ రోజూ ఉండేదే. అందరూ మీటింగ్‌లోకి వచ్చేసరికి ఎలాగో స్పెక్ ఒక దారికొచ్చింది. స్క్రీన్ షేర్ చేసే ముందు, ఆ ఎర్రర్లన్నీ నలుగురికీ కనపడటమెందుకని టెర్మినల్‌ని స్క్రోల్‌బ్యాక్‌తో (పైకి జరిపితే కనపడే పాత లైన్లతో) సహా తుడిచేశాను.

ఇక కమాండ్ సంగతి. మా టీమ్‌లో సీనియర్ ఒకాయన ఎప్పుడో చాట్‌లో పెట్టిన లైన్ ఒకటుంది, కొత్తగా వచ్చినవాళ్లందరికీ అదే ఇస్తారు. ఆర్‌పీఎంబిల్డ్, డ్యాష్ బీబీ, దాని పక్కన డబుల్ డ్యాష్ క్లీన్, డబుల్ డ్యాష్ ఆర్‌ఎంసోర్స్, డబుల్ డ్యాష్ ఆర్‌ఎంస్పెక్, చివర స్పెక్ ఫైల్ పేరు. కింద ఆయన మాట: "ఇదే వాడండి, మెషీన్ నీట్‌గా ఉంటుంది." పొద్దుటి నుంచీ నేను కొడుతున్నది ఆ లైనే, కాబట్టి అదే మళ్లీ కొట్టాను. అక్షరాలు పరుగెత్తాయి, ప్యాకేజీ రాసేశానంటూ దాని పూర్తి చిరునామా వచ్చింది, చివర ఎగ్జిట్ సున్నా. ఎవరో చప్పట్ల బొమ్మ కూడా పెట్టారు.

"బావుందండీ, ఆ స్పెక్ ఓసారి తెరవండి, వెర్షన్ ఎక్కడ మార్చాలో వీళ్లకి చూపిద్దాం" అన్నారు మేనేజరు గారు.

డైరెక్టరీలో ఏమున్నాయో చూపించమని ఎల్ఎస్ కొట్టాను. ఏమీ రాలేదు. వేరే డైరెక్టరీలో ఉన్నానేమోనని ఎక్కడున్నానో అడిగాను, ఉండాల్సిన చోటే ఉన్నానంది. మళ్లీ ఎల్ఎస్. ఈసారి దాక్కున్న ఫైళ్లు కూడా చూపించమని డ్యాష్ ఏ కలిపాను, స్పెక్ ఫైల్ నామీద అలిగి చుక్క పెట్టుకుని దాక్కుంటుందా చెప్పండి, అయినా కొట్టాను. ఎప్పుడూ ఉండే ఒక చుక్క, రెండు చుక్కలు, అంతే. పదిమంది చూస్తుండగా ఖాళీ డైరెక్టరీని ఎంతసేపని చూపిస్తాం? ఫైండ్ పెట్టి హోమ్ డైరెక్టరీ అంతా వెతికించాను, పాత ప్రాజెక్టులవి, నాకే గుర్తులేనివి, ఎవరెవరివో స్పెక్‌లు బయటపడ్డాయి కానీ పొద్దుట రాసింది మాత్రం లేదు. "రీసైకిల్ బిన్‌లో చూశారా?" అని ఒకావిడ నిజంగా సాయం చేద్దామనే అడిగారు. ఈ టూల్‌కి అలాంటి దయాదాక్షిణ్యాలు లేవమ్మా, తీసేసిందంటే తీసేసినట్టే.

ఆర్‌ఎంస్పెక్ చేసే పని అదే. బిల్డ్ అయ్యాక స్పెక్ ఫైల్‌ని తీసేస్తుంది. మాన్యువల్‌లో దాని గురించి ఒక్క ముక్క ఉంటుంది, ఏదో కిటికీ మూసినంత మామూలుగా. క్లీన్ అంటే అర్థముంది, బిల్డ్ కోసం విప్పిన చెత్తంతా పోతుంది. దాని పక్కనే సోర్సులు తీసేసేది ఒకటి, స్పెక్ తీసేసేది ఒకటి, మూడూ ఒకే వరసలో బుద్ధిమంతుల్లా కూర్చుంటాయి. ఇల్లు కట్టాక పరంజా విప్పమంటే ప్లాన్ కాగితం కూడా పొయ్యిలో పెట్టినట్టు. ఇంకా విడ్డూరం ఏంటంటే బిల్డ్ ఫెయిలైతే ఇది దేన్నీ ముట్టుకోదు. అందుకే పొద్దుటి నుంచీ ఎన్ని ఎర్రర్లొచ్చినా నా ఫైల్ చెక్కుచెదరలేదు. సక్సెస్ అయిన క్షణంలోనే పోయింది.

పోనీ మొత్తం కట్టుదిట్టం లేని టూలా అంటే అదీ కాదు. స్పెక్‌లోనే ఎప్పుడేం మార్చామో రాసుకునే చేంజ్‌లాగ్‌లో తారీఖు పక్కన బుధవారం బదులు గురువారం రాయండి, ఈ తేదీ బోగస్ అని వెంటనే వార్నింగ్ ఇస్తుంది. కామెంట్‌లో పొరపాటున మాక్రో (పొడుగు మాటకి పెట్టుకున్న పొట్టి పేరు) రాస్తే దాన్నీ విప్పుకుని చదువుతుంది. వారం తప్పిందని గొణిగే మనిషి, అదే ఫైల్‌ని తుడిచేసే ముందు "ఉంచమంటారా?" అని ఒక్క మాట అడగదు.

ఈలోగా సీనియర్ గారు మైకు ఆన్ చేశారు. "అరె, ఆ లైన్ బిల్డ్ సర్వర్‌కండీ, అక్కడ స్పెక్ కాపీయే ఉంటుంది, పోయినా పర్లేదు, అసలుది గిట్‌లో ఉంటుందిగా" అన్నారు. ఈ వాక్యం ఆయన చాట్‌లో రాసి ఉంటే ఎంత బావుండేది. గిట్ అంటారా, ఫైళ్ల పాత వెర్షన్లన్నీ దాచిపెట్టే చోటది, అందులో ఆ స్పెక్‌లుండే రిపోకి నాకు యాక్సెస్ ఇవ్వమని పెట్టిన టికెట్ ఎవరి అప్రూవల్ కోసమో ఇప్పటికీ ఎదురుచూస్తోంది.

"బీబీ బదులు బీఏ పెట్టి ఉండాల్సింది" అన్నారింకొకరు. నిజమే, ఏ అయితే సోర్స్ ప్యాకేజీ కూడా తయారయ్యేది, స్పెక్కూ, సోర్సుకి చేసిన సవరణల ప్యాచ్‌లూ అందులో భద్రంగా ఉండేవి. బీ అంటే బైనరీ, అంటే ఇన్‌స్టాల్ చేసుకునే ప్యాకేజీ ఒక్కటే. ఒక్క అక్షరం! బిల్డ్ నడిచేటప్పుడు కమాండ్లన్నీ ప్లస్ గుర్తు పెట్టి మరీ తెర మీద పోస్తుంది కాబట్టి పైకి జరిపితే కొంతైనా దొరికేది, కానీ నాది పాత టెర్మినల్, అది గుర్తుంచుకునే లైన్లు మరీ తక్కువ, మొదటి సగం అప్పటికే ఎగిరిపోయింది.

అప్పుడు సీనియర్ గారికే ఇంకో ఐడియా వచ్చింది. "బైనరీలో కొంత ఉంటుందండీ, క్వెరీ చేయండి." చేశాను. వర్ణన వచ్చింది, స్క్రిప్టులు వచ్చాయి, ఏమేం కావాలో ఆ జాబితా వచ్చింది. ప్రిప్, బిల్డ్, ఇన్‌స్టాల్ సెక్షన్లు, అంటే నేను పొద్దుటి నుంచీ తలబాదుకున్న భాగమంతా, లేదు. "చేంజ్‌లాగ్ కూడా అడగండి" అన్నారు. ఆ ఉత్సాహంలో వేళ్లు ముందు నడిచాయి, అందులో ఏం రాశానో బుర్రకి తర్వాత గుర్తొచ్చింది.

చేంజ్‌లాగ్ మాత్రం ఒక్క అక్షరం పోకుండా వచ్చింది. సరైన వారంతో, సరైన తేదీతో, నా పేరుతో: "పైవాళ్లకి తోచినప్పుడల్లా మారే వెర్షన్ నంబర్ మళ్లీ మార్చాను, ఇదే ఆఖరని ఆశ."

ఎవరూ నవ్వలేదు. నవ్వినా బావుండేది.

"ఇది కస్టమర్‌కి వెళ్లే ప్యాకేజీయేనా?" అని అడిగారు మేనేజరు గారు. అవునండీ అన్నాను.

"ఆ లైన్ తీసేసి, మళ్లీ బిల్డ్ చేసి పంపండి, ఐదు నిమిషాల పని."

దేంతో చేయమంటారో అడుగుదామని మైకు ఆన్ చేసేలోపు ఆయన మీటింగ్ ముగించేశారు.