ఐఎస్ఓ ఎడిటర్ ‘ఫ్రీ’గా కావాలా? ముందు నా గోల వినండి

ఐఎస్ఓ అంటే సీడీలోనో డీవీడీలోనో ఉన్నదంతా అచ్చు దింపిన ఒకే ఒక్క ఫైలు, డిస్క్ ఇమేజ్ అని కూడా అంటారు. ‘ఐఎస్ఓ ఫైలు ఎడిట్ చేయడానికి ఫ్రీ సాఫ్ట్‌వేర్’ అని ఒక్కసారి గూగుల్‌లో కొట్టి చూడండి. ఒళ్ళు మండకపోతే నన్నడగండి. పేజీ నిండా ఫ్రీ డౌన్‌లోడ్, ఫ్రీ డౌన్‌లోడ్. డౌన్‌లోడ్ ఫ్రీయే, కాదనను. పనికే డబ్బులు.

ఎలా ఆడుకుంటారో చూడండి. ఇన్‌స్టాల్ చేస్తాం. మన ఐఎస్ఓ తెరుస్తుంది. ఎడమవైపు ఫోల్డర్లు, కుడివైపు ఫైళ్ళు, ముచ్చటగా కనిపిస్తాయి. కొత్త ఫైలు లాగి అందులో పడేస్తే కిక్కురుమనకుండా తీసుకుంటుంది. పాతది డిలీట్ చేయమంటే చేస్తుంది. అంతా సర్దుకుని సేవ్ కొట్టాక అప్పుడు బయటపడుతుంది బండారం: ట్రయల్ వెర్షన్‌లో 300 ఎంబీ దాటిన ఇమేజ్ సేవ్ కాదు, కొనుక్కోండి. మామూలు సీడీయే 700 ఎంబీ కదండీ! డీవీడీ అయితే 4.7 జీబీ. ఈ కాలంలో 300 ఎంబీ లోపు ఐఎస్ఓ ఎవడి దగ్గరుంది? ఆ ముక్క ఫైలు తెరిచినప్పుడే చెప్పొచ్చు. ఫైలు సైజు దానికి అప్పుడే తెలుసు. అయినా చెప్పదు, మన చేత చాకిరీ అంతా చేయించాక చెబుతుంది.

సాఫ్ట్‌వేర్ రాసినవాడు డబ్బులడగడం తప్పని నేననను. ఆ డబ్బులతోనే బెంగళూరులో మనలో సగం మంది అద్దెలు కడుతున్నాం. ఇంత అని బోర్డు మీద రాసి అమ్మితే కొనేవాడు కొంటాడు, లేనివాడు పక్కకెళ్తాడు. ఫ్రీ అని పిలిచి లోపలికొచ్చాక తలుపేసే పద్ధతి మీదే నా కోపం.

ఇక డౌన్‌లోడ్ పేజీల సంగతి. పచ్చ రంగులో పెద్ద పెద్ద బటన్లు మూడుంటాయి, మూడూ ప్రకటనలే. అసలు లింకు ఎక్కడో కింద, చీమ తలకాయంత అక్షరాల్లో. అది పట్టుకుని నొక్కితే ఇన్‌స్టాలర్‌లో ముందే టిక్ పెట్టేసిన గడి ఒకటి, ‘రికమెండెడ్’ అని. ఆ టిక్ తీయకుండా నెక్స్ట్ కొట్టారో, మీ బ్రౌజర్‌కి కొత్త హోమ్ పేజీ, డెస్క్‌టాప్ మీద ఎవరూ అడగని ‘పీసీ క్లీనర్’.

వీళ్ళకన్నా మనవాళ్ళ సలహాలు ఇంకో ఎత్తు. వాట్సాప్ గ్రూపులో ‘ఐఎస్ఓ ఎడిటర్ ఏదైనా ఉందా’ అని అడగడం పాపం, రెండు నిమిషాల్లో జవాబు: ‘క్రాక్ ఉంది బ్రో, డిఫెండర్ ఆఫ్ చేసి రన్ చెయ్.’ చెప్పేవాడు బెళ్ళందూరులో పెద్ద కంపెనీలో సెక్యూరిటీ టీములో ఉంటాడు. ఇందిరానగర్‌లో కాఫీకి మూడొందలు పెట్టడానికి వెనకాడడు, సాఫ్ట్‌వేర్ దగ్గరకొచ్చేసరికి మాత్రం పైరసీ పుణ్యకార్యం. నైతికత పక్కన పెట్టండి. యాంటీవైరస్ ఆపి నడిపిన ఒక దొంగ ప్రోగ్రాముతో బూటబుల్ ఐఎస్ఓ, అంటే మెషీన్‌ని స్టార్ట్ చేయగల ఐఎస్ఓ, తయారుచేస్తున్నారు, దాంతో పది మెషీన్లలో విండోస్ ఎక్కిస్తారు. ఆ పది మెషీన్లలో ఏం కూర్చుందో ఎవడికి తెలుసు?

మరి నిజంగా ఫ్రీగా దొరకదా అంటే, దొరుకుతుంది. బ్రహ్మాండంగా దొరుకుతుంది. కాకపోతే ముందు మీకు కావాల్సింది ఎడిటరేనా అన్నది తేల్చుకోవాలి. ఈ ప్రశ్న ఏ డౌన్‌లోడ్ పేజీ వాడూ అడగడు.

మా బావ సంగతి చెప్తాను. కె.ఆర్.పురంలో కంప్యూటర్ సర్వీసు షాపు ఆయనది. ‘ఒరేయ్, విండోస్ ఐఎస్ఓలో ఒక డ్రైవర్ కలపాలి, మంచి ఎడిటర్ ఉంటే చెప్పరా’ అని ఫోన్. విషయమేమిటంటే, ఇంటెల్ పదకొండో తరం ప్రాసెసర్ల నుంచి చాలా లాప్‌టాప్‌లలో వీఎండీ అని ఒక సెట్టింగ్ ఉంటోంది. అది ఆన్‌లో ఉంటే విండోస్ ఇన్‌స్టాలర్‌కి ఎస్ఎస్‌డీ కనిపించకపోవచ్చు, డ్రైవులేవీ దొరకలేదంటుంది. ఆ డిస్క్‌ని గుర్తుపట్టించే ఇంటెల్ ఆర్ఎస్‌టీ డ్రైవర్ ఇస్తే అప్పుడు కనిపిస్తుంది. రోజూ ఇదే తలనొప్పి కాబట్టి డ్రైవర్‌ని ఐఎస్ఓలోనే పెట్టేస్తే పోలా అన్నది బావ ఆలోచన.

‘బావా, మీరు చివరికి దాన్ని పెన్‌డ్రైవ్‌లోనే కదా వేసేది?’ అన్నాను. ‘అవును, సీడీలు ఎవడు కాలుస్తున్నాడిప్పుడు!’ అన్నాడు. అయితే ఎడిటర్ దేనికి? రూఫస్‌తో ఐఎస్ఓని పెన్‌డ్రైవ్‌కి ఎక్కించండి. డ్రైవర్ జిప్ విప్పి, ఆ ఫోల్డర్‌ని అదే పెన్‌డ్రైవ్‌లో మామూలుగా కాపీ చేసుకోండి. ఇన్‌స్టాలర్ డిస్క్ కనబడలేదన్నప్పుడు లోడ్ డ్రైవర్ నొక్కి ఆ ఫోల్డర్ చూపించండి. అయిపోయింది. రూఫస్ ఫ్రీ, ఓపెన్ సోర్స్, ఇన్‌స్టాల్ కూడా అక్కర్లేదు. ఐఎస్ఓ ఎడిటర్ కోసం వెతికేవాళ్ళలో బావలాంటివాళ్ళు బోలెడుమంది. పెన్‌డ్రైవ్‌లో ఒక ఫైలు చేర్చాల్సిన పనికి ఇమేజ్‌నే కోయాలనుకుంటారు.

అలాగే, లోపలున్న ఫైలు ఒకటి బయటికి తీసుకుంటే చాలు అనుకునేవాళ్ళకీ ఎడిటర్ అక్కర్లేదు. విండోస్ 8 నుంచి ఐఎస్ఓ మీద డబుల్ క్లిక్ చేస్తే కొత్త డ్రైవులా తెరుచుకుంటుంది. లేదంటే 7-జిప్ అనే టూల్ ఉంది. రెండూ చదవడానికే, రాయడానికి కాదు.

నిజంగానే మార్చాలి అనుకునేవాళ్ళకి ఒక సంగతి తెలియాలి. సీడీ ఇమేజ్‌ని మార్చడానికి తయారుచేయలేదు. ఐఎస్ఓ 9660 అనే ప్రమాణం 1988లో వచ్చింది, ఒకసారి అచ్చుపోసి ఆ తర్వాత చదువుకోవడానికే పనికొచ్చే సీడీల కోసం. డేటా అంతా 2048 బైట్ల సెక్టార్లుగా వరసగా పరిచి ఉంటుంది. ఏ ఫైలు ఎన్నో సెక్టార్‌లో మొదలవుతుంది, ఎంత పొడుగు, ఇవి డైరెక్టరీలో రాసి ఉంటాయి. మధ్యలో ఖాళీలుండవు. కట్టేసిన పూలదండ నడిమధ్యలో ఇంకో పువ్వు గుచ్చాలంటే దండ విప్పి మళ్ళీ కట్టాల్సిందే కదా. ఎడిటర్లు మామూలుగా చేసేది అదే. సేవ్ కొట్టినప్పుడు కొత్త ఐఎస్ఓ కట్టి ఇస్తుంది. వేలకు వేలు పోసి కొన్నా ఇంతే.

బూటబుల్ ఐఎస్ఓలు పాడయ్యేది ఈ తిరిగి కట్టే చోటే. ఎల్ టొరిటో అని 1995 నాటి పద్ధతి ఒకటుంది, బూట్ ఫైలు ఫలానా సెక్టార్‌లో ఉందని, మెషీన్ ఆన్ అవగానే ముందు నడిచే బయాస్‌కి చెప్పేది అదే. ఫైళ్ళన్నీ బయటికి తీసి, మార్చి, ఏదో ఒక ఫోల్డర్-టు-ఐఎస్ఓ టూల్‌తో మళ్ళీ మూట కడితే ఫైళ్ళన్నీ ఉంటాయి, ఆ బూట్ సమాచారం మాత్రం రాదు. ఇమేజ్‌ని డ్రైవులా తెరిస్తే శుభ్రంగా కనిపిస్తుంది, మెషీన్ మాత్రం బూట్ అవదు. అప్పుడు తిట్లన్నీ పెన్‌డ్రైవ్ అమ్మిన ఎస్‌పీ రోడ్డు షాపువాడికి.

లినక్స్ ఐఎస్ఓలకి నా ఓటు జోరిసో అనే టూల్‌కి. స్పెల్లింగ్‌లో మొదటి అక్షరం ఎక్స్, మధ్యలో ఆర్ రెండుసార్లు. జీఎన్‌యూ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టుది, ఫ్రీ అంటే అచ్చంగా ఫ్రీ, సైజు పరిమితుల గోల లేదు. కమాండ్ టైపు చేసే నల్ల స్క్రీన్ చూసి భయపడకండి, ఒక్క లైను పని. ఇన్‌డెవ్ అని పాత ఐఎస్ఓ పేరు, అవుట్‌డెవ్ అని కొత్త ఐఎస్ఓ పేరు, తర్వాత మ్యాప్ అని మీ ఫైలు పేరూ అది లోపల ఎక్కడ కూర్చోవాలో ఆ దారీ. వీటితోపాటు బూట్ ఇమేజ్ ఎనీ రీప్లే అన్న ముక్క తగిలిస్తే, పాత ఇమేజ్‌లో బూట్ ఏర్పాట్లు ఎలా ఉన్నాయో చూసి కొత్తదాంట్లోనూ అలాగే పెడుతుంది. డబ్బులిచ్చి కొన్న టూల్స్ కొన్ని ఈ దగ్గరే చేతులెత్తేస్తాయి. పాత ఐఎస్ఓ జోలికి అస్సలు పోదు కాబట్టి ఏం జరిగినా మన ఒరిజినల్ భద్రం. విండోస్ వాడేవాళ్ళు, విండోస్‌లోనే లినక్స్ నడిపే డబ్ల్యూఎస్ఎల్‌లో ఉబుంటు లినక్స్ వేసుకుని అందులో పెట్టుకోవచ్చు, సీ డ్రైవు అక్కడి నుంచి కనిపిస్తుంది. మౌస్ లేనిదే చెయ్యి ఆడదంటే లినక్స్‌లో ఐఎస్ఓ మాస్టర్ ఉంది, విండోస్‌లో ఎనీబర్న్‌లో ఇమేజ్ ఎడిట్ చేసే ఆప్షన్ ఉంది. ఐఎమ్‌జీబర్న్ మంచిదే, కానీ అది ఫోల్డర్ నుంచి కొత్త ఇమేజ్ కడుతుంది, ఉన్నదాన్ని దిద్దదు. పైగా 2013 తర్వాత కొత్త వెర్షన్ లేదు.

ఉబుంటు ఐఎస్ఓ మార్చేవాళ్ళకి ఇంకోటి. లోపల ఫైళ్ళు మారలేదని సరిచూసుకోవడానికి ఎండీ5 చెక్‌సమ్‌ల ఫైలు ఒకటుంటుంది. ఉన్న ఫైలుని మార్చి ఆ చెక్‌సమ్‌లని అలాగే వదిలేస్తే బూట్ అయ్యేటప్పుడు జరిగే తనిఖీలో తప్పులున్నాయంటుంది. కంగారు పడక్కర్లేదు, అది దాని పని అది చేస్తోంది.

విండోస్ ఐఎస్ఓలది వేరే లోకం. అవి యూడీఎఫ్ అనే ఇంకో ఫైల్ సిస్టమ్‌లో ఉంటాయి. పాత టూల్స్‌తో తెరిస్తే లోపల ఒకే ఒక్క రీడ్‌మీ ఫైలు కనిపిస్తుంది, ఈ డిస్క్‌లో యూడీఎఫ్ ఉంది, అది చదవగలిగే సిస్టమ్ కావాలి అని. అది చూసి ‘డౌన్‌లోడ్ పాడైంది, 5 జీబీ డేటా బూడిదైంది’ అని మొత్తుకున్నవాళ్ళు నాకు తెలుసు. ఇమేజ్ బాగానే ఉంది, టూలే గుడ్డిది. వీటిని తిరిగి కట్టడానికి మైక్రోసాఫ్ట్ వాళ్ళదే ఓఎస్‌సీడీఐఎమ్‌జీ అన్న చిన్న ప్రోగ్రాము ఉంది, విండోస్ ఏడీకే అనే వాళ్ళ టూల్స్ ప్యాకేజీలో డిప్లాయ్‌మెంట్ టూల్స్ కింద. అదీ ఉచితమే. సొంత కంపెనీ ఉచితంగా ఇస్తున్నదాన్ని వదిలేసి క్రాకుల వెంట పడతారేంటండీ మీరు?

ఇప్పుడు మన తెలుగువాళ్ళకే వచ్చే కష్టం, దీని గురించి ఎవరూ రాయరు కాబట్టి కాస్త సాగదీస్తాను. మా మామయ్య హరికథల రికార్డింగులన్నీ ఎంపీ3లు చేసి, ఫైళ్ళకి చక్కగా తెలుగులో పేర్లు పెట్టుకున్నారు. వాటిని ఐఎస్ఓ చేస్తే పాత ఐఎస్ఓ 9660 పేర్లలో ఇంగ్లీషు పెద్దబడి అక్షరాలు, అంకెలు, అండర్‌స్కోర్ తప్ప ఇంకేం పట్టవు. తెలుగంతా అండర్‌స్కోర్లైపోతుంది. వరసగా గీతలే, ఏది రుక్మిణీ కల్యాణమో ఏది భక్త ప్రహ్లాదో దేవుడికే ఎరుక. దీనికి విరుగుడు జోలియట్ అని మైక్రోసాఫ్ట్ చేర్చిన పొడిగింపు. అందులో తెలుగు కూడా పట్టే యూనికోడ్ పేర్లుంటాయి, కానీ పేరుకి 64 అక్షరాలే. మన కంటికి ‘శ్రీలక్ష్మీ’ మూడక్షరాలు. యూనికోడ్ లెక్కలో వత్తులకీ గుణింతాలకీ వేరే వేరే గుర్తులు కాబట్టి అది పదకొండు! అలా చూస్తే మామయ్య పెట్టిన పేర్లలో చాలావాటికి తోక తెగుతుంది. కొన్ని టూల్స్ 103 దాకా సాగదీస్తాయి, అది ప్రమాణం దాటిన వ్యవహారం. లినక్స్ వైపు రాక్ రిడ్జ్ అని ఇంకో పొడిగింపు ఉంది, అందులో 255 బైట్లు. తెలుగులో ఒక్కో గుర్తుకి మూడు బైట్లు కాబట్టి 85 పడతాయి. కాకపోతే విండోస్‌కి రాక్ రిడ్జ్ చదవడం రాదు. అందుకని జోరిసోలో జోలియట్ ఆన్ అని విడిగా చెప్పాలి, చెప్పకపోతే అది పెట్టదు. పేర్లు కురచగా పెట్టుకోమని మామయ్యకి చెప్తే, ‘కథ పేరు కుదించడానికి నువ్వెవడివిరా’ అన్నారు. నిజమే, ఆయన్నేం అనగలను.

పెళ్ళి డీవీడీల ఇమేజ్‌లు పట్టుకొచ్చి ‘ఇందులో ఫలానావాళ్ళ సీను తీసెయ్’ అనేవాళ్ళు ఇంకో రకం. వీడియో_టీఎస్ ఫోల్డర్‌లో ఒక్కోటి 1 జీబీ లోపు వీఓబీ అనే వీడియో ముక్కలుంటాయి, ఏ ముక్కలో ఏముందో ఐఎఫ్ఓ ఫైళ్ళలో ఉంటుంది. ఒక వీఓబీ పీకేస్తే సీను పోవడం కాదు, డిస్క్ మొత్తమే ఆగిపోవచ్చు. అది వీడియో ఎడిటింగ్ పని. వీడియో కత్తిరించి డీవీడీస్టైలర్ లాంటిదాంతో మళ్ళీ డీవీడీ కట్టుకోవాలి, అది కూడా ఓపెన్ సోర్సే.

ఇక బిన్, క్యూ అని జంటగా ఉండే పాత ఇమేజ్‌లు. డేటా ఒక్కటే ఉంటే బీచంక్ అనే చిన్న టూల్‌తో ఐఎస్ఓ చేసుకుని, ఆపైన పైన చెప్పినట్టే. పాత గేముల సీడీల్లోలా పాటల ట్రాకులు కూడా కలిసి ఉంటే మాత్రం ఐఎస్ఓ చేయకండి. ఐఎస్ఓలో ఆడియో ట్రాకులకి చోటు లేదు, గేమ్ ఆడుతుంది గానీ పాటలుండవు. ఆ బిన్‌ని, క్యూని రెంటినీ అలాగే దాచుకోండి.