బ్యాంకు కంటే ఆ తర్వాతి పనే పెద్దది
నైజీరియా బ్యాంకర్ ఫోలా అడియోలా మీద వ్యాసం బాగుంది, కానీ సగానికి పైగా గ్యారంటీ ట్రస్ట్ బ్యాంక్ గురించే రాశారు. నాకు మాత్రం ఆయన బ్యాంకు బయట చేసిన పనే ఎక్కువ నచ్చుతుంది. లాగోస్‌లోని యాబా కాలేజ్ ఆఫ్ టెక్నాలజీలో అకౌంటెన్సీ చదివిన మనిషి, మిత్రుడు టాయో అడెరినోకున్‌తో కలిసి 1990లో ఆ బ్యాంకు పెట్టి, పన్నెండేళ్లు నడిపి, 2002లో పగ్గాలు ఆ మిత్రుడికే అప్పగించి పక్కకు తప్పుకున్నాడు. అప్పటికి ఆయనకు యాభై ఏళ్లు కూడా లేవు! తను పెట్టిన సంస్థలో కుర్చీ వదలడం ఎంత కష్టమో మనకు తెలియనిదా?

అంతకుముందే, 2000లో, ఫేట్ ఫౌండేషన్ మొదలుపెట్టాడు. ఉద్యోగాలు లేని యువతకు విరాళం ఇచ్చి పంపేయడం కాదు, వ్యాపారం ఎలా చేయాలో నేర్పించి, అనుభవం ఉన్నవాళ్లను తోడుగా పెట్టడం దాని పని. ఇది నాకు చాలా నచ్చింది.

నైజీరియా పెన్షన్ వ్యవస్థ కోసం ఆయన చేసిన పనిని వ్యాసంలో ఒక్క లైనుతో సరిపెట్టారు, అది అన్యాయం అండీ. అక్కడ రిటైరైన ప్రభుత్వ ఉద్యోగులు పెన్షన్ కోసం ఏళ్ల తరబడి క్యూల్లో నిలబడేవారు, ఆ ఎదురుచూపుల్లోనే ప్రాణాలు పోయినవాళ్లూ ఉన్నారు. 2004లో వచ్చిన పెన్షన్ చట్టంతో ఉద్యోగి, యజమాని ఇద్దరూ డబ్బు కట్టే పద్ధతి, ఎవరి ఖాతా వాళ్లకే ఉండే పద్ధతి వచ్చాయి. దాన్ని చూసే పెన్షన్ కమిషన్‌కు తొలి ఛైర్మన్ ఈయనే. దీని మీద విడిగా ఒక వ్యాసం రాయండి, తప్పకుండా చదువుతాను.