ఊదించి చూస్తే సరిపోతుందా?

పొగ మానిపించే పరిశోధనలకు పరిశోధన కేంద్రానికి రానక్కర్లేదు, ఫోనులో పాల్గొంటే చాలన్న మీ వాదనను సగమే ఒప్పుకుంటాను. గాజువాకలో మా పక్కింటాయన ఉక్కు కర్మాగారంలో షిఫ్టుల ఉద్యోగి. రాత్రి డ్యూటీ దిగి మళ్లీ బస్సెక్కమంటే నెల తిరగకుండానే మానేస్తారు, సిగరెట్టు కాదు, పరిశోధన! ఆయనకు వీడియో కాల్ వరమే. పొగ మానారో లేదో తేల్చే ఊపిరి పరీక్ష పరికరంలోకి ఇంట్లోనే ఊదితే మోసం చేస్తారంటారా? ఆ పరికరం కొలిచేది పొగ వల్ల ఊపిరిలో చేరే కార్బన్ మోనాక్సైడ్ వాయువును; పొగ ఆపితే అది 4-6 గంటల్లో సగానికి పడిపోతుంది. ముందు రోజు నుంచి ఓపిక పడితే కేంద్రంలోనూ గట్టెక్కవచ్చు. లాలాజలంలో కోటినిన్ (ఒంట్లో నికోటిన్ మారి ఏర్పడే పదార్థం) చూద్దామంటే, పొగ మానడానికి నికోటిన్ గమ్ నమిలేవారిలోనూ అది కనిపిస్తుంది. అసలు చిక్కు వేరే ఉంది. మన తీరపు పల్లెల్లో చుట్ట నిప్పును నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే ముసలమ్మలను వీడియో కాల్‌కు ఎవరు పిలుస్తారు? వాళ్ల అంగిలి మీది మచ్చలు చూడాలంటే టార్చిలైటుతో వైద్యుడే గుమ్మం ఎక్కాలి.